సైరన్ మోగితే ఇంట్లో ఎక్కడ కూర్చోవాలి: డెల్టా ఇళ్ల లెక్క

నమస్కారమండి. 2025 మే 7న విశాఖలో, హైదరాబాద్‌లో సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్స్, అంటే బాంబు దాడి జరిగితే జనం ఏం చేయాలో నేర్పే కసరత్తులు, జరిగాయి కదా. అప్పటి నుంచి గోదావరి జిల్లాల్లో రెండు మాటలు తెగ వినిపిస్తున్నాయి. "పెరట్లో ఆరడుగుల కందకం తవ్వుకుంటే సరి" అని ఒకటి. "మనకేంటి, తుఫాను షెల్టర్లున్నాయిగా" అని ఇంకోటి. రెండూ ప్రాణం మీదికి తెచ్చే మాటలే. బాగా చదువుకున్నవాళ్లు కూడా వీటినే పదిమందికీ పంపుతుంటే ఒళ్లు మండుతోంది.

"అసలు మనదాకా ఎందుకొస్తుంది" అనేవాళ్లకి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్దాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీద కూడా బాంబులేశాయి. బంగాళాఖాతంలో ఉన్న ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చినవి అవి. ఇవాళ అదే తీరాన పోర్టుంది, ఆయిల్ ట్యాంకులున్నాయి, పొలాల మధ్య గ్యాస్ బావులున్నాయి.

ఇక కందకం సంగతి. నిలబడితే మనిషి తల నేలమట్టం కిందికి రావాలి, అదీ కందకం. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం వైపు వానాకాలంలో పార దింపి చూడండి. చాలా ఊళ్లలో నాలుగైదు అడుగులకే ఊట తగులుతుంది. సముద్రం పక్క ఇసుక నేలైతే గోడ నిలవదు. నల్లమట్టి అయితే తడిసి ఉబ్బి లోపలికి ఒరుగుతుంది. పదిమంది కూర్చున్నాక గోడ జారిందంటే బతికుండగానే పూడిపోతారు.

ఈ కష్టం మనకే వచ్చింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో బ్రిటన్‌లో ఆండర్సన్ షెల్టర్లని, అంటే పెరట్లో పాతుకునే రక్షణ గుడిసెల్ని, ఇంటింటికీ పంచారు. ముడతల ఇనప రేకుల్ని వంచి, నాలుగడుగుల లోతు గోతిలో దించి, పైన కనీసం 15 అంగుళాల మట్టి కప్పేవాళ్లు. ఆరుగురికి సరిపోయేది. పేలుడుకి బాగా తట్టుకుంది. కానీ పల్లపు నేలల్లో నీళ్లు నిండిపోయేవి. చలికాలంలో మోకాలి లోతు నీళ్లలో రాత్రంతా ఎవరు కూర్చుంటారండి? జనం మళ్లీ ఇళ్లలోకే వెళ్లిపోయారు.

ఇక్కడే ఇంకో అపోహ ఉంది. ఆ యుద్ధంలో బాంబులు పడుతుంటే లండన్ జనమంతా భూగర్భ రైలు స్టేషన్లలో దాక్కున్నారని మనవాళ్ల నమ్మకం. ఫొటోలు అవే చూశాం కాబట్టి. 1940 నవంబరులో అక్కడ లెక్క తీశారు. స్టేషన్లలోనూ, అలాంటి పెద్ద షెల్టర్లలోనూ ఉన్నది 4 శాతం. వీధి షెల్టర్లలో 9 శాతం. సొంత పెరటి షెల్టర్లలో 27 శాతం. మిగతా వందకి అరవై మంది ఏ షెల్టర్లోనూ లేరు, ఎక్కువమంది ఇంట్లోనే ఉన్నారు. అంటే ఇంటి లోపలి జాగా సరిచేస్తేనే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయి. ఈ సంగతి గ్రహించాక తయారు చేసిందే నాకు బాగా ఇష్టమైన వస్తువు.

[తెర మీద: ఇనప బల్ల బొమ్మ, కొలతలతో]

మోరిసన్ షెల్టర్. 1941లో వచ్చింది. చూస్తే మామూలు బల్ల. ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. పైన అంగుళంలో ఎనిమిదో వంతు మందం ఉక్కు రేకు, చుట్టూ ఇనప జాలీ. మొత్తం 359 విడిభాగాలు, ఇంట్లోవాళ్లే బిగించుకోవాలి. పగలు దాని మీద భోజనం, రాత్రి దాని కింద పడక.

రూపం ఇచ్చింది జాన్ బేకర్ అనే ఇంజనీరు. ఇల్లు కూలినా బల్ల చెక్కుచెదరకూడదని ఆయన అనుకోలేదు. అంత గట్టిగా చేస్తే ఎవరూ కొనలేరు, ఎవరూ మోయలేరు. వంగాలి, విరగకూడదు, అంతే. పై అంతస్తు మీద పడ్డప్పుడు ఆ దెబ్బలోని శక్తి ఉక్కుని వంచడానికే ఖర్చయిపోతుంది. పడుకున్నవాడికి మాత్రం ఊపిరాడే జాగా మిగులుతుంది. పెనుగాలికి కొబ్బరిచెట్టు ఊగి నిలబడటం, బిగదీసుకుని నిలబడ్డ ప్రహరీ పడిపోవడం మనకి తెలిసిందే కదా, ఇదీ అదే. బాగా దెబ్బతిన్న 44 ఇళ్లని పరిశీలించారు. ఈ బల్లల కింద ఉన్న 136 మందిలో చనిపోయింది ముగ్గురు. తీవ్ర గాయాలు 13 మందికి, చిన్న గాయాలు 16 మందికి. చనిపోయింది నేరుగా బాంబు పడ్డ ఇంట్లో. బల్లని ఇంట్లో సరికాని చోట వేసుకోవడం వల్ల గాయపడ్డవాళ్లూ ఉన్నారు. ఎక్కడ వేశామన్నది అంత ముఖ్యం.

మరి ఆ బల్ల లేని మన ఇంట్లో కూర్చోవాల్సిన జాగా ఎక్కడ?

ముందు గోడల లెక్క. 500 పౌండ్ల బాంబు 50 అడుగుల దూరంలో పేలితే వచ్చే ఇనప ముక్కల్ని ఆపడానికి పదమూడున్నర అంగుళాల ఇటుక గోడ కావాలని అప్పటి బ్రిటిష్ ప్రమాణం. ఇసుకో మట్టో అయితే 30 అంగుళాలు. కాంక్రీటులో ఇనుము వేస్తే 12. మన బయటి గోడ 9 అంగుళాలు. చాలదు. లోపలి గోడ 4.5. కలిపితే పదమూడున్నర! విడివిడిగా నిలబడ్డ రెండు గోడలు ఒక మందపాటి గోడతో సమానం కావు, నిజమే. కానీ యుక్రెయిన్‌లో ఇవాళ పాటిస్తున్న రెండు గోడల పద్ధతి ఇదే దారిలో నడుస్తుంది. మొదటి గోడ పేలుడు దెబ్బని తీసుకుంటుంది, రెండోది దాన్ని దాటొచ్చిన ముక్కల్ని ఆపుతుంది. వీధికీ మీకూ మధ్య రెండు గోడలుండాలి, రెండో గోడకి కిటికీ ఉండకూడదు.

ఇప్పుడు మీ ఇల్లు తలుచుకోండి. హాలు పనికిరాదు, మూడు కిటికీలు. బాత్రూం అంటారు అందరూ. మన బాత్రూం బయటి గోడకే ఉంటుంది, గాజు పలకల వెంటిలేటర్, అద్దం, గీజరు, టైల్స్. పగిలితే అన్నీ కత్తులే. మెట్ల కిందా అంటే, మన మెట్లు ఇంటి బయట పక్కనుంటాయి. చాలా ఇళ్లలో మిగిలేది దేవుడి గది, లేదంటే సామాన్ల గది. నడిమధ్యన ఉంటుంది, కిటికీ ఉండదు. దీపం ఆర్పేసి, పటాలు గోడ నుంచి దించి, అక్కడ కూర్చోండి. అటకల మీద ఇత్తడి బిందెలుంటే అవి ముందే దించెయ్యాలి.

పిల్లర్లు వేసి కట్టిన ఇంట్లో బరువు మోసేది పిల్లరూ బీమూ, ఇటుక గోడ కాదు. గోడ పోయినా స్లాబ్ నిలబడే అవకాశం ఉంది, లోపలి ఇనుము వంగుతుంది కాబట్టి. మళ్లీ ఆ బల్ల సూత్రమే. కానీ స్లాబే కిందికొస్తే మామూలు మంచం ఆపలేదు. 5 అంగుళాల స్లాబ్ పది బై పన్నెండు గదికి మూడున్నర టన్నులు. అందుకే పై అంతస్తులో ఉండకుండా కిందికి దిగండి. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో మాత్రం నిలబడొద్దు. అది నాలుగువైపులా ఖాళీ, పైగా బళ్లలో పెట్రోలు.

పెంకుటిల్లయితే లెక్క మారుతుంది. మీద పడేవి పెంకులు, వాసాలు, దూలాలు. అక్కడ పాతకాలపు టేకు పందిరి మంచం నిజంగా అక్కరకొస్తుంది. పైన పరుపులు వేసి, కింద పడుకోండి. నవారు మంచం, గాజు బల్ల వద్దు. గడ్డిమేటు, కొబ్బరి పీచు గుట్టలు ఇంటి పక్కన ఉంటే ముందే దూరం జరపండి, ఒక్క నిప్పు రవ్వ చాలు.

కిటికీకి టేపు ఇంటూ గుర్తులా అంటిస్తారు. గాజు పగలకుండా అది ఆపదు. గాజంతా కప్పేలా పలచని గుడ్డ మైదా జిగురుతో అంటిస్తే ముక్కలు కొంత పట్టి ఉంటాయి. ఎలా అయినా కిటికీ ముందు ఉండొద్దు.

ఇసుక బస్తాల గోడ కట్టాలంటే: ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు, 30 అంగుళాల మందం. 90 ఘనపుటడుగులు, అంటే దాదాపు ఒక యూనిట్ (నూరు ఘనపుటడుగులు) ఇసుక. సిమెంటు బస్తాని ముప్పాతికే నింపండి. నిండా కుక్కితే గుండ్రంగా ఉండి జారిపోతుంది. ముప్పాతిక నింపి చెక్కతో కొడితే పలకలా కూర్చుంటుంది. అలా సుమారు నూరు బస్తాలు పడతాయి. మూతి లోపలికి మడిచి, ఇటుకల్లా అతుకు మీద అతుకు రాకుండా, ఒక వరస అడ్డంగా ఒక వరస నిలువుగా పేర్చండి. అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నంగా ఉండాలి. యూరియా సంచులు ఎండకి కొన్ని నెలల్లో పొడిపొడి అవుతాయి, గోనె సంచులు వానకి కుళ్లుతాయి. రెంటికీ బరకం కప్పాలి. ఇది నేల మీదే కట్టాలి. బాల్కనీలో పేర్చితే చదరపు మీటరుకి మూడు టన్నుల దాకా పడుతుంది. ఇళ్ల స్లాబ్ మామూలుగా 200 కిలోల లెక్కన వేస్తారు.

ఇక తుఫాను షెల్టర్. 1996 నవంబరు 6 తుఫాను చూసిన కోనసీమకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఉప్పెన కిందనుంచి వెళ్లిపోవాలని స్తంభాల మీద కడతారు, పైన పెద్ద హాలు, వరసగా కిటికీలు. నీటికి అది సరైనది. బాంబుకి అదే లోపం. కిటికీల మధ్య వందలమందిని ఒకచోట చేర్చినట్టవుతుంది. తుఫానుకి రోజుల ముందు కబురొస్తుంది, సైరన్‌కీ పేలుడుకీ మధ్య నిమిషాలే. దారిలో దొరికిపోతారు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. సైరన్ హెచ్చుతగ్గులుగా మోగితే ప్రమాదం, ఒకే స్థాయిలో మోగితే ప్రమాదం తప్పినట్టు. లోపలికి వెళ్లేముందు గ్యాస్ సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టెయ్యండి, కరెంటు మెయిన్ దించండి. తిరిగొచ్చాక గ్యాస్ వాసనొస్తే స్విచ్ ముట్టుకోవద్దు, అగ్గిపుల్ల వద్దు. 2014లో కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను లీకై తెల్లవారుజామున ఎలా అంటుకుందో తెలుసు కదా.

లైట్లు తీసెయ్యమంటే రొయ్యల రైతులు చెరువు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు కూడా ఆపేస్తారేమోనని భయం. ఆర్పాల్సింది చెరువు గట్టు బల్బులు. ఏరేటర్ ఆగితే తెల్లారేలోపు డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్యలు చచ్చి తేలుతాయి. ఊరికొచ్చే కరెంటు లైనే (ఫీడర్) కట్ చేస్తారేమో, జనరేటర్‌కి డీజిల్ ముందే పెట్టుకోండి.

మోటారు ఆడకపోతే కుళాయి రాదు, మూతలున్న డ్రమ్ములు నింపండి. రక్తం చిమ్ముతుంటే గుడ్డ పెట్టి బలంగా అదమండి. చేయో కాలో అయి, అప్పటికీ ఆగకపోతే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, వెడల్పు గుడ్డతో కర్ర మెలేసి కట్టి, కట్టిన టైం రాయండి. లోపల దిగిన గాజుముక్క లాగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. పొలంలో తెలియని ఇనప వస్తువు కనిపిస్తే దాని దగ్గరికి పోకుండా, పిల్లల్ని పోనివ్వకుండా, 112కి చెప్పండి.