చింతచెట్టెక్కిన ఏడో తరగతి

శ్రోతలకు నమస్కారం.

బడిపిల్లల చేత చరిత్ర కథలు ఎలా చదివించాలి, ఎలా ఆడించాలి అన్నది ఈ పూట నేను మాట్లాడాల్సిన విషయం. ఉన్నది పది నిమిషాలు. అందుకే ఒక్క కథ, ఒక్క తరగతి గది, ఒక్క చెట్టు గురించే చెబుతాను.

ఆ చెట్టు మీలో చాలామంది చూసే ఉంటారు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు, ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలో పోయినవాళ్ళు 15,000 మంది ఉంటారని అంచనా. ఆ తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, వరద నీటిని ఆపే జలాశయాలు రెండు, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మొదట ఇదంతా మా ఏడో తరగతి పిల్లలకు పాఠంలాగే చెప్పాను. నోట్సులో రాసుకున్నారు. రాసుకుని మూసేశారు. సంవత్సరాలు గుర్తున్నాయి గానీ, వాన చప్పుడు ఒక్కరికీ వినపడలేదు.

అందుకని నేనే రెండు పేజీల కథ రాసుకొచ్చాను. ఒక అక్క, ఒక తమ్ముడు. రాత్రంతా వాన. ఇంట్లోకి నీళ్ళొస్తాయి. అమ్మ ఇద్దర్నీ చెట్టు దగ్గర వదిలి, నానమ్మను తీసుకురావడానికి మళ్ళీ ఇంటికి వెళుతుంది. అక్క తమ్ముణ్ణి ముందు ఎక్కించి, తనూ ఎక్కుతుంది. కింద నుంచి ఒక ముసలాయన చెయ్యి చాపుతాడు. "బిడ్డా, నన్ను గూడ పట్టుకో!" అక్క కూర్చున్న కొమ్మ అప్పటికే కిర్రుమంటోంది.

అక్కడ ఆపేశాను. కాగితాలు మడిచి బల్ల మీద పెట్టాను.

"తర్వాత ఏమైంది టీచర్?"

"బెంచీలు జరపండి, చూద్దాం" అన్నాను.

ఆరు బెంచీలు దగ్గరికి చేర్చాం. అదే చెట్టు. మనం చిన్నప్పుడు ఆడుకున్న నేలా-బండా ఆట గుర్తుందా? అదే పద్ధతి. నేలంతా నీళ్ళు, బెంచీ అంతా కొమ్మ. 36 మంది ఎక్కారు. ఒకబ్బాయి ఎక్కీ ఎక్కగానే చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని "హలో, పోలీసా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను దిద్దలేదు. పక్కనున్న పిల్లే అంది, "అప్పట్ల సెల్లు యాడిదిరా?" వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా అరిచాడు. ఆ అరుపుతో నవ్వులు ఆగిపోయాయి. పక్క బెంచీ మీంచి ఇంకొకడు, "చాచా, హాథ్ దో!" అని వంగి చెయ్యి చాపాడు. ఆ మాట నేను రాసిన కథలో లేదు. మా గదిలో తెలుగు ఇళ్ళ పిల్లలున్నారు, ఉర్దూ ఇళ్ళ పిల్లలున్నారు, మరాఠీ మాట్లాడే ఇళ్ళ పిల్లలున్నారు. ఆ రోజు ఆ చెట్టు మీదా ఇన్ని భాషలూ వినపడి ఉంటాయని నాకు తట్టనే లేదు. వాళ్ళకు తట్టింది.

కాసేపటికి ఒక పిల్ల మెల్లగా, "టీచర్, దూప అయితుంది" అంది. బాటిల్ అందించబోయాను. "కాదు టీచర్, కథల" అంది. చుట్టూ అన్ని నీళ్ళు, తాగడానికి చుక్క లేదు. అది కూడా నేను రాయలేదు.

మధ్యలో "స్టాచ్యూ" అంటాను. ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా ఆగిపోతారు. ఎవరి భుజం తడితే వాళ్ళు, తమ పాత్ర మనసులో ఏముందో చెప్పాలి. అక్క వేషం వేసిన అమ్మాయి భుజం తట్టాను. "అమ్మ వస్తే, ఈ చీకట్ల మమ్మల్ని ఎట్ల గుర్తుపడతది?" అంది. గదిలో చప్పుడు లేదు. ఆ మాటకు మార్కులు ఎలా వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు, వేయలేదు కూడా.

ఇక మర్నాడు చేసిన పని. నా దృష్టిలో అసలు పని ఇదే. కథ కాగితాలు పంచి, జరిగిన దాని కింద నీలం గీత, అల్లిన దాని కింద ఎర్ర గీత గీయమన్నాను. వరద నీలం. చెట్టు నీలం. అక్కా తమ్ముడూ ఎరుపు, ముసలాయన ఎరుపు. ఒకడు బోర్డు మీద చెట్టు వెనకాల ఇప్పటి ఆసుపత్రి గుమ్మటాలు గీశాడు. ఆ భవనం వరద తర్వాత కట్టిందని తెలిశాక వాడే తుడిపేశాడు. మరి దూప ఏ రంగు? గొడవ అక్కడ మొదలైంది. ఎక్కడా రాసి లేదు కాబట్టి ఎరుపన్నారు సగం మంది. "గంటలకొద్దీ చెట్టు మీద ఉంటే దూప కాదా?" అన్నారు మిగతా సగం. చివరికి మామూలు పెన్సిల్‌తో గీశారు. జరిగి ఉండొచ్చు అన్నమాట. జరిగిందా, అల్లిందా, జరిగి ఉండొచ్చా? చరిత్ర కథ చాలావరకు ఆ పెన్సిల్ గీత మీదే నడుస్తుందని నేను నమ్ముతాను.

అక్కకు పేరు పెట్టేటప్పుడూ అదే గొడవ. ఒకరు "ఆద్య" అన్నారు. ఆ రోజుల్లో ఆ పేరుండేదా అని ఇంకొకరు అడిగారు. అందరూ ఇళ్ళకు వెళ్ళి నానమ్మల్నీ అమ్మమ్మల్నీ వాళ్ళ అమ్మల పేర్లు అడిగి వచ్చారు. లచ్చమ్మ, బాలమణి, జైనబ్, రాజవ్వ. ఒక సాయంత్రంలో ఎన్ని ఇళ్ళల్లో పాత కబుర్లు కదిలాయో!

తోటి టీచర్లకు ఒక్క మనవి. మునిగిపోవడాన్ని, చావును పిల్లల చేత ఆడించకండి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతురినీ పోగొట్టుకుని, తానొక్కడే మిగిలారు. ఆ సంగతి చెప్పాను. చెప్పి, కాసేపు ఊరుకున్నాం. దాన్ని నాటకం చేయలేదు.

ఇంట్లో బెంచీలు ఎక్కడివండీ అంటారు అమ్మానాన్నలు. బెంచీలు అక్కర్లేదు. రాత్రి కథ చదివేటప్పుడు, ఆ కథలోని మనిషి ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన చోట ఆపండి. చెయ్యి అందివ్వాలా, వద్దా అన్న చోట. ఆపి, "నువ్వైతే?" అని అడగండి. బిడ్డ చెప్పింది పూర్తిగా విన్నాకే పేజీ తిప్పండి. తప్పు జవాబంటూ ఉండదు. తొందరపడి పేజీ తిప్పితే మాత్రం ఆ జవాబు మళ్ళీ దొరకదు.

మా అక్క వేషం అమ్మాయి ఆ ఆదివారం వాళ్ళ నాన్నతో వెళ్ళి ఆ చెట్టు చూసొచ్చింది. సోమవారం పొద్దున ప్రేయర్ కాకముందే నా దగ్గరికొచ్చింది.

"టీచర్, మనం తప్పు చేసినం. నూటయాభై మంది అండీ ఆ చెట్టు మీద! మనం మస్తు దూరం దూరం కూసున్నం."

ఆ రోజు రెండు బెంచీలు తీసేసి, మళ్ళీ ఆడాం.