అండర్ కోటింగ్ వేయించిన చాసీ లోపల ఎలా ఉందో చూస్తారా?

ఈ ముక్క చూడండి, దగ్గరగా చూడండి. అరచేయంత ఉంది. ఇది మా జీపు చాసీ నుంచి, అంటే బండిని మోసే కింది ఇనుప ఫ్రేమ్ నుంచి ఊడొచ్చిన ఇనుము, దీన్ని నేను చేత్తో విరిచాను. గ్యాస్ కటింగ్ లేదు, గ్రైండర్ లేదు, ఉత్త చేత్తో! ఇటు పక్క నల్లగా, నున్నగా అండర్ కోటింగ్, అదే తుప్పు పట్టకుండా బండి కింద కొట్టే రబ్బరు పూత. తిప్పుతున్నా చూడండి, అటు పక్క అప్పడాల్లా పొరలు పొరలుగా తుప్పు.

పోయిన వారం నేను ఒక్క నిమిషం వీడియో పెట్టి, సముద్రం పక్కన ఉండేవాళ్ళు పాత బండికి రబ్బరు అండర్ కోటింగ్ కొట్టించొద్దు అన్నాను. అంతే, కామెంట్లలో దుమ్ము దులిపేశారు. షోరూమ్ వాళ్ళకంటే నీకు ఎక్కువ తెలుసా అని ఒకాయన, మద్రాసులో కోటింగ్ లేకుండా బండి ఎలా బతుకుతుందని ఇంకొకాయన. సరే, ఈరోజు ఇంకా గట్టిగా చెప్తున్నా. ఆ నల్ల కోటింగ్ తుప్పుకి దుప్పటి కప్పడమే. దుప్పటి కప్పితే అది హాయిగా పడుకుని లోపల తింటూ ఉంటుంది!

నాకెలా తెలిసిందో చెప్తా. నేనుండేది మద్రాసులో సముద్రం పక్కనే, తిరువాన్మియూర్. రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో ఈ జీపు కొని, వెంటనే ఒక గ్యారేజీలో కోటింగ్‌కి ఇచ్చాను. పొద్దున ప్రెషర్ పంపుతో కింద కడిగాడు, సాయంత్రానికి స్ప్రే కొట్టి చేతికిచ్చాడు. వైర్ బ్రష్ పట్టలేదు, ఆరనివ్వలేదు, పన్నెండు వేలు మాత్రం తీసుకున్నాడు. పోయిన నెల గుంట దిగినప్పుడల్లా వెనక టకటకమని శబ్దం. పుదుపేటలో వెల్డింగ్ చేసే అన్న దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఏమీ మాట్లాడకుండా చిన్న సుత్తి తీసుకుని ముందు నుంచి చాసీని కొట్టుకుంటూ వచ్చాడు. టంగ్, టంగ్, టంగ్... వెనక కమాన్ పట్టీలని చాసీకి తగిలించే షాకిల్ దగ్గరికి రాగానే డబ్. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కాడు, పిడి దాకా దిగింది. తర్వాత దాంతోనే కోటింగ్ గీరితే పెనం మీద అట్టు లేచినట్టు ఇంత వెడల్పున లేచొచ్చింది, కింద తడి! వారం రోజులు ఎండలో నిలబెట్టిన బండికి కోటింగ్ కింద తడి ఏంటండీ?

అసలు సంగతి ఇక్కడే ఉంది. మన జీపుల చాసీ చాలావరకు లోపల బోలుగా ఉండే పెట్టె. నీళ్ళు లోపలికి పోతాయి, బయటికి పోవడానికి అడుగున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. ఆ స్ప్రే కొట్టేవాడు వాటిని కూడా కలిపి మూసేశాడు! సైకిల్ చక్రం పుల్ల పెట్టి పొడిస్తే ఎర్ర నీళ్ళు, బురద, దాంతోపాటు ఇసక. ఏ ఇసక? పులికాట్ ఇసక. ఏడాది కిందట అక్కడికి వెళ్ళొచ్చాం, ఆ ఉప్పునీటి ఇసక ఏడాదిగా నా చాసీలో కాపురం చేస్తోంది. ఉప్పుకి ఒక గుణం ఉంది, గాల్లో తేమ దాదాపు 75 శాతం దాటితే అదే గాల్లోంచి నీళ్ళు లాక్కుని తడిసిపోతుంది. ఇంట్లో ఉప్పు డబ్బా చూడండి, అదే కథ. మన ఊళ్ళో తెల్లవారుజామున తేమ దాన్ని దాటని రోజులు ఎన్ని? వాన అక్కర్లేదు, బండి షెడ్డులో ఉన్నా లోపల తడుస్తూనే ఉంటుంది.

ఇంకోటి, దీనికి కూడా తిట్టండి, పర్లేదు. బీచ్‌కి వెళ్ళొచ్చి వాటర్ వాష్ చేయిస్తారు కదా, తీరం పక్కన చాలా బోర్లలో నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళనే ప్రెషర్‌తో చాసీలోకి కొట్టిస్తున్నాం. ముందు నాలుక మీద వేసి చూడండి. ఉప్పగా ఉంటే ఇంటికొచ్చి మంచినీళ్ళతో కడుక్కోండి.

చాసీ తుప్పు చిన్న విషయం అనుకునేవాళ్ళకి ఒక్క మాట. అమెరికాలో టయోటా పికప్‌ల చాసీలు తుప్పు పట్టాయని కేసు వేస్తే 2016లో కంపెనీ 340 కోట్ల డాలర్ల దాకా ఖర్చయ్యే రాజీకి వచ్చింది, దాదాపు 15 లక్షల బండ్లు. 10 మిల్లీమీటర్ల చిల్లు పడితే చాసీయే మార్చాలని లెక్క పెట్టుకున్నారు. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మనకి సముద్రమే చల్లుతుంది.

మా బాబాయికి గూడూరులో లారీ ఉండేది. వాటర్ సర్వీస్ అయ్యాక కింద మొత్తం ఆయిల్ స్ప్రే కొట్టించేవాడు, బండంతా జిడ్డు, పిన్ని తిట్టేది. ఆ లారీ అమ్మేటప్పుడు కూడా చాసీ టంగుమంది! రస్టోలియం అనే పెయింట్ కంపెనీ కూడా అలాగే పుట్టిందని వాళ్ళే చెప్పుకుంటారు, ఓడ డెక్ మీద చేప నూనె ఒలికిన చోట తుప్పు ఆగిపోవడం చూసి ఒక కెప్టెన్ 1921లో మొదలుపెట్టాడట. గట్టిగా ఎండిపోయే పొర పగులుతుంది, పగుల్లోంచి నీళ్ళు పోతాయి, మళ్ళీ బయటికి రావు. జిడ్డు అలా కాదు, పాకుతుంది, సందుల్లోకి దూరుతుంది. అలాగని కాలిన ఇంజన్ ఆయిల్ మాత్రం కొట్టొద్దు, రబ్బరు బుష్‌లు ఉబ్బి పోతాయి, నేలంతా పాడవుతుంది. దానికి బోలు లోపల కొట్టే మైనం, క్యావిటీ వాక్స్ ఉంది, గొర్రె ఉన్నిలోంచి తీసే లానోలిన్ ఉంది.

సరే, పని చూపిస్తా. షాకిల్ దగ్గర కుళ్ళింది కోసేసి కొత్త ప్లేటు వెల్డింగ్ అయిపోయింది. రంధ్రాలన్నీ పొడిచి, మంచినీళ్ళు పట్టి, రెండు రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. బయట మిగిలిన తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, తుప్పుని గట్టి పొరగా మార్చే కన్వర్టర్ పూశాం. ఇప్పుడు లోపల జిడ్డు కొట్టే ఈ సన్నటి ట్యూబు చివర నాజిల్ చూడండి, చుట్టూ నాలుగు పక్కలా చిమ్ముతుంది. చాసీకి అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ పక్క రంధ్రంలోంచి లోపలికి పోనిస్తున్నా, చివరిదాకా పోయింది, నొక్కుతూ మెల్లగా వెనక్కి లాగుతున్నా. తమ్ముడూ, కెమెరా కింద పెట్టు, అడుగున ఆ రంధ్రం చూపించు. కారుతోందా? అదిగో, తేనె రంగులో బొట్టు బొట్టుగా. అది అక్కడ కారిందంటే జిడ్డు అడుగుదాకా చేరినట్టే. ఎడమ పక్క అయింది, ఇంక కుడి పక్కకి రండి.