బ్లేడుతో కోసి, టేపుతో అతికించిన సంగీతం

(తెరపై: బల్ల మీద పావు అంగుళం వెడల్పున్న గోధుమరంగు రికార్డింగు టేపు, ఉక్కు స్కేలు, బ్లేడు. వెనుక పెద్ద డయల్ ఉన్న ఆసిలేటర్.)

నమస్కారం. ఈ బల్ల మీద ఉన్నవన్నీ ఒక స్వరకర్త పనిముట్లు. సింథసైజర్లు (విద్యుత్ వలయాలతో స్వరాలు పుట్టించే వాయిద్యాలు) ఇంకా అందుబాటులోకి రాని కాలంలో, అంటే 1950లలోనూ 1960ల తొలి సగంలోనూ, ఎలక్ట్రానిక్ సంగీతం చేయాలనుకున్న వాళ్లకు ఇవే ఆధారం. ఈ పద్ధతిలో పని ఎలా జరిగేదో ఒకే ఒక్క రచన పట్టుకుని చూద్దాం. 1963లో లండన్‌లో, బీబీసీ ధారావాహిక 'డాక్టర్ హూ' కోసం తయారైన శీర్షిక సంగీతం అది. నిడివి రెండు నిమిషాల పైచిలుకు. దాన్ని టేపు మీద నిర్మించిన వ్యక్తి డీలియా డార్బీషర్.

(తెరపై: ఊగుతున్న తరంగం. ధ్వని: ఒకే స్థాయిలో సాగే నాదం.)

ముందు ఆసిలేటర్ సంగతి. కరెంటును క్రమం తప్పకుండా అటూ ఇటూ ఊగించే విద్యుత్ వలయం ఇది. సెకనుకు 440 సార్లు ఊగిస్తే స్పీకరు పొర కూడా 440 సార్లు కదులుతుంది, మనకు 440 హెర్ట్జ్ నాదం వినిపిస్తుంది. కచేరీ వేదికల మీద కనిపించే ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెల్లో, ముఖ్యంగా తొలి తరం వాటిలో, నాదాన్ని పుట్టించినవి ఇలాంటి వలయాలే. అయితే డార్బీషర్ వాడినవి సంగీతం కోసం తయారైనవి కావు. ప్రసార పరికరాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడానికి ఇంజనీర్లు వాడే సామగ్రి అది. మెట్లు లేవు, తీగలు లేవు, ఉన్నది ఒక డయల్. దాన్ని తిప్పితే నాదం పైకో కిందికో జారుతుంది.

ఇందులో పెద్ద చిక్కు ఒకటుంది. మీటిన వీణ తీగ ఒక్కసారిగా పలికి, మెల్లగా సన్నగిల్లి, ఆగిపోతుంది. ఆసిలేటర్‌కు ఆ ఎత్తుగడా తెలియదు, ముగింపూ తెలియదు. స్విచ్ వేసింది మొదలు అలా మోగుతూనే ఉంటుంది. ఆ మోతను స్వరంగా మలిచే పని టేపు మీద పడింది.

(తెరపై: టేపు మీద స్కేలు. 15 అంగుళాల దగ్గర గుర్తు.)

టేపు వచ్చాక సంగీతంలో కాలాన్ని స్కేలుతో కొలవడం సాధ్యమైంది. స్టూడియో యంత్రాల్లో టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో నడుస్తుందనుకుందాం. అరసెకను స్వరం కావాలంటే ఏడున్నర అంగుళాల ముక్క కోయాలి. సెకనులో పదో వంతు కావాలంటే అంగుళంన్నర. రెండు స్వరాల మధ్య విరామం కావాలంటే, ఏమీ రికార్డు చేయని ఖాళీ టేపును అంత పొడవుకు కోసి మధ్యలో అతికించాలి. అంటే నిశ్శబ్దాన్ని కూడా కొలిచి కోయాల్సిందే.

కోయడం కూడా ఎలాపడితే అలా కుదరదు. రీళ్లను చేత్తో ముందుకూ వెనక్కూ కదుపుతూ, టేపును చదివే హెడ్ దగ్గర శబ్దం మొదలయ్యే చోటును చెవితో పట్టుకోవాలి. అక్కడ టేపు వెనుక వైపున మైనపు పెన్సిల్‌తో గీత పెట్టాలి. తర్వాత దాన్ని లోహపు గాడిలో పరిచి బ్లేడు వేయాలి. నిలువుగా కోస్తే శబ్దం ఠక్కున మొదలవుతుంది. ఏటవాలుగా కోస్తే ఒక శబ్దం తరిగిపోతూ మరొకటి మెత్తగా అందుకుంటుంది. నా దృష్టిలో అతి ముఖ్యమైన విషయం ఇదే: బ్లేడు ఏ కోణంలో దిగాలన్నది సంగీతానికి సంబంధించిన నిర్ణయం.

శ్రుతి మార్చే దారి కూడా టేపులోనే ఉంది. రెట్టింపు వేగంతో నడిపితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళుతుంది, మధ్య షడ్జమం తార షడ్జమం అవుతుంది. కానీ నిడివి సగానికి పడిపోతుంది. ఒక్క స్వరస్థానం పెంచాలంటే వేగం దాదాపు 6 శాతం పెరగాలి, ఆ మేరకు నిడివీ తగ్గుతుంది. అందుకే ప్రతి స్వరాన్నీ వేరే వేగంతో మరో టేపు మీదకు ఎక్కించుకుని, కావలసిన పొడవుకు మళ్లీ కోసుకోవాలి. లెక్కలు రాని వాళ్లకు ఇది నరకం. డార్బీషర్ కేంబ్రిడ్జ్‌లో గణితమూ సంగీతమూ చదివారు.

(తెరపై: మేడా వేల్ స్టూడియో భవనం ఫొటో.)

బీబీసీలో ఇందుకోసమే ఒక విభాగం ఉండేది, పేరు రేడియోఫోనిక్ వర్క్‌షాప్. డాఫ్నీ ఓరమ్, డెస్మండ్ బ్రిస్కో చొరవతో 1958లో లండన్‌లోని మేడా వేల్‌లో మొదలైంది. రేడియో నాటకాలకూ టీవీ కార్యక్రమాలకూ కొత్త రకం శబ్దాలు సమకూర్చడం దాని బాధ్యత. డార్బీషర్ 1962లో అక్కడికి చేరారు. అంతకు ముందు 1959లో డెక్కా రికార్డింగ్ సంస్థకు దరఖాస్తు చేస్తే, తమ స్టూడియోల్లో ఆడవాళ్లను పెట్టుకోమని చెప్పి పంపేశారు.

ఇక ఆ శీర్షిక సంగీతం. రాన్ గ్రెయినర్ అనే స్వరకర్త బాణీ కట్టి, ఒక్క కాగితం మీద రాసి ఇచ్చారు. అందులో స్వరాలతో పాటు గాలి, బుడగలు, మేఘాలు వంటి మాటలు ఉన్నాయి. ఆ మేఘం ఎలా మోగాలో కాగితం చెప్పదు. దాన్ని తేల్చవలసింది డార్బీషర్, ఆమెకు సహాయకుడిగా ఉన్న డిక్ మిల్స్.

(ధ్వని: మీటిన తీగ ఒకసారి. అదే శబ్దం నెమ్మదిగా, తర్వాత వేగంగా.)

అడుగున పరుగెత్తే లయ ఉంది కదా, దానికి మూలం ఒకే ఒక్క తీగ మీటు. దాన్ని రికార్డు చేసి, రకరకాల వేగాల్లో నకళ్లు తీసి, ఒక్కో స్వరాన్నీ కోసి వరసగా అతికించారు. పైన వినిపించే జారుడు బాణీ ఆసిలేటర్లది. డయల్‌ను చేత్తో, లెక్క పెట్టుకున్న సమయానికి, ఒక స్వరం నుంచి మరో స్వరానికి తిప్పారు. మనవాళ్లు జారు అనే గమకం కోసం వైణికుడి వేలు తీగ మీద చేసే పనిని ఇక్కడ డయల్ మీద చెయ్యి చేసింది. డార్బీషర్ పుట్టింది 1937లో, కోవెంట్రీలో. యుద్ధకాలంలో బాంబు దాడుల సైరన్లు వింటూ పెరిగారు. వింత శబ్దాల మీద తన ఇష్టం అక్కడే మొదలైందని ఆమే చెప్పుకున్నారు. జారుతూ లేచే నాదం ఆమె చెవికి చిన్ననాటి నుంచీ తెలుసు.

మేఘాలూ బుడగలూ వైట్ నాయిస్ నుంచి వచ్చాయి. అన్ని పౌనఃపున్యాలూ కలిసి ఉండే బుస్సుమనే మోత అది. ఫిల్టర్‌తో కొంత భాగాన్ని మాత్రమే వదిలి, ఆ రికార్డింగును కోసి తాళంలో పెట్టారు.

పొరలన్నీ సిద్ధమయ్యాక అసలు పరీక్ష వచ్చింది. అనేక ట్రాకుల రికార్డింగు యంత్రం వాళ్ల దగ్గర లేదు. ఒక్కో పొర ఒక్కో రీలు. యంత్రాలన్నిటినీ ఒకేసారి నడిపించి, ఆ కలయికను మరో టేపు మీదకు ఎక్కించాలి. ఒకసారి అలా కలిపితే ఎక్కడో ఒక స్వరం తప్పుతోంది. ఏ రీల్లో ఉందో వినికిడితో అంతుపట్టలేదు. చివరికి టేపులను స్టూడియో పొడవాటి నడవాలో నేల మీద పక్కపక్కనే పరిచి, అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో పోల్చుతూ నడిచారు. మిగతా వాటితో కలవని అతుకు కంటికి దొరికిపోయింది. తాళం తప్పును నేల మీద చూసి పట్టుకున్న సందర్భం సంగీత చరిత్రలో ఇంకెక్కడ ఉంటుంది!

పూర్తయింది విన్నాక, ఇది నేను రాసిందేనా అని గ్రెయినర్ అడిగారు. చాలా వరకు మీదే అని డార్బీషర్ జవాబిచ్చారు.

(తెరపై: పచ్చరంగు లోహపు లాంప్‌షేడ్.)

ఆమె పనితనానికి ఇంకొక్క ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. సహారాలోని టువరెగ్ సంచార ప్రజల మీద తీసిన డాక్యుమెంటరీకి 1960ల చివర్లో ఆమె సంగీతం చేశారు. స్టూడియోలో ఉన్న పాత పచ్చటి లాంప్‌షేడ్‌ను కొడితే గంటలా మోగేది. దాన్ని రికార్డు చేసి, దెబ్బ పడిన క్షణాన్ని తీసేసి, వెనుక మిగిలే మోతను మాత్రం ఉంచారు. ఒక శబ్దం దేనిదో మన చెవి చాలా వరకు దాని ఆరంభాన్ని బట్టే గుర్తుపడుతుంది. ఆ ఆరంభం పోయాక లాంప్‌షేడ్ లాంప్‌షేడ్‌లా వినిపించదు. అక్కడితోనూ ఆగలేదు. ఆ మోతలో ఉన్న పౌనఃపున్యాలను విడదీసి, బలమైన 12 ఏరి, వర్క్‌షాప్‌లోని 12 ఆసిలేటర్లను ఒక్కోదానికి శ్రుతి చేసి, ఆ నాదాన్ని మళ్లీ కట్టారు.

ఇంత చేసిన మనిషి పేరు తెర మీద పడలేదు. సంగీతం రాన్ గ్రెయినర్, బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ అని మాత్రమే వేసేవారు. ఆమెకు సహ స్వరకర్తగా గుర్తింపు, రాయల్టీలో వాటా ఇవ్వాలని గ్రెయినర్ స్వయంగా అడిగారు. వర్క్‌షాప్ ఉద్యోగుల పేర్లు బయటకు రాకూడదన్న సంస్థ విధానం అడ్డుపడింది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. బాణీ గ్రెయినర్‌దే, సందేహం లేదు. కానీ స్వరం ఎలా పుట్టాలి, ఎంతసేపు నిలవాలి, ఏ రంగులో మోగాలి అన్నవన్నీ డార్బీషర్ తేల్చారు. అవి లేకుండా ఆ రచనే లేదు. 2001లో ఆమె మరణించారు. తెర మీద ఆమె పేరు మొదటిసారి పడింది 2013లో, ధారావాహిక 50వ వార్షికోత్సవ ప్రత్యేక భాగంలో. ఆమె అటక మీద దొరికిన 267 టేపులు ఇప్పుడు మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

1960ల చివరికల్లా మీటలు నొక్కితే పలికే సింథసైజర్లు వచ్చేశాయి. మన దేశంలో కూడా అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మోగ్ సింథసైజర్‌తో, టేపు యంత్రాలతో ఒక స్టూడియో ఏర్పడింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని నెలకొల్పారు. దాని కథ మరో వీడియోకు సరిపడా ఉంది, తప్పకుండా చేస్తాను. డార్బీషర్ 1973లో బీబీసీ వదిలేశారు.

(తెరపై: రెండు తరంగ రూపాలు, ఒకదాని కింద ఒకటి. పైన 1963, కింద 1980.)

1980లో అదే వర్క్‌షాప్‌కు చెందిన పీటర్ హొవెల్ ఇదే బాణీని సింథసైజర్ల మీద మళ్లీ చేశారు. రెండూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని ముందు 1963 నాటిది, వెంటనే 1980 నాటిది వినండి. ముందుగా అడుగున నడిచే లయ మీద దృష్టి పెట్టండి, తర్వాత జారే బాణీ మీద. తేడా మీకు ఎక్కడ వినిపించిందో వ్యాఖ్యల్లో రాయండి.