పెట్టుబడి రాయితీ: జాబితాలో పేరు ఎక్కడ జారిపోతుంది?

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు, రైతు సేవా కేంద్రాల సిబ్బందికి నమస్కారం.

తుపాను తర్వాత వచ్చే పెట్టుబడి రాయితీ పంట విలువకు సరిపోదు. మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కోవడానికి మాత్రమే అది ఆసరా. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పంట కనీసం 33 శాతం దెబ్బతినాలి. 2015కు ముందు ఈ హద్దు 50 శాతం ఉండేది. వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు. ఒక్కో రైతుకు 2 హెక్టార్ల వరకే ఇస్తారు. కాలువ కింద మూడెకరాల వరి పోతే సుమారు 20,600 వస్తుంది. ఒక్కోసారి రాష్ట్రం ఇంకా కలుపుతుంది. 2023 మార్చి వడగళ్ల వానకు తెలంగాణ ఎకరాకు 10,000 ప్రకటించింది. అయితే జీవో చేతికొచ్చే దాకా ఆ లెక్కతో అప్పు చేయకండి.

ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు ఎక్కువగా జారిపోయేది ఈ-పంట దగ్గరే, అంటే ఎవరు ఏ పంట వేశారో ఆన్‌లైన్‌లో నమోదు చేసే చోటే. గాలివాన రాక ముందే సర్వే నంబరు, పంట, విస్తీర్ణం సరిగా ఎక్కాయా, ఈ-కేవైసీకి వేలిముద్ర పడిందా చూసుకోవాలి. కౌలు రైతుకు ఇది మరీ ముఖ్యం. దున్నేది ఒకరు, ఈ-పంటలో పేరు భూ యజమానిది అయితే డబ్బు యజమాని ఖాతాకే పోతుంది. కౌలు రైతుకు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రానికి గడువు 11 నెలలే. దానితో భూమి మీద ఏ హక్కూ రాదని యజమానికి ఓపికగా చెప్పి, సీజను మొదట్లోనే సంతకం తీసుకోండి. నీళ్లొచ్చాక అడిగితే ఎవరూ పెట్టరు.

ఇక ఎన్యూమరేషన్, అంటే సిబ్బంది పొలానికి వచ్చి నష్టం లెక్క రాసుకోవడం. నీరు తీయగానే చూస్తే వరి పచ్చగానే కనిపిస్తుంది. పిలకల దశలో మునిగిన చేను తేరుకోవచ్చు. పూత దశలో రోజుల తరబడి మునిగితే గింజ పాలుపోసుకోదు, ఆ తాలు తర్వాత గానీ బయటపడదు. ఆ దశలో ఉన్న చేలను రెండోసారి చూడమని సిబ్బందిని రాతపూర్వకంగా అడగండి. జాబితా అంటించాక అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. పేరొక్కటే చూసి వెనక్కి రావద్దు, విస్తీర్ణం కూడా సరిచూడండి. ఎకరం, సెంట్లు తారుమారైతే డబ్బు తగ్గిపోతుంది.

పొలంలో 3 అంగుళాలకు మించి ఇసుక, ఒండ్రు మేట వేస్తే అవే నిబంధనల్లో హెక్టారుకు 18,000 వేరే పద్దు ఉంది. మేట తీయించక ముందే అధికారులతో ధ్రువీకరణ రాయించండి. పాడి గేదె చనిపోతే 37,500. పశువైద్యుడు చూడక ముందు పూడ్చిపెడితే ఆ సాయం చేజారుతుంది.

పంటల బీమా దారి వేరు. మీ పంటకు స్థానిక విపత్తు రక్షణ (ఊరంతా కాక ఒక్క చేనుకే నష్టం జరిగినా వర్తించే బీమా) నోటిఫై అయి ఉంటే, నష్టం జరిగిన 72 గంటల్లోపు బీమా హెల్ప్‌లైన్ 14447కు ఫోన్ చేయాలి.

డబ్బు మీరు పాసుపుస్తకం జిరాక్సు ఇచ్చిన ఖాతాలో పడుతుందని అనుకోవద్దు. ఆధార్‌తో చివరిగా ఏ బ్యాంకు ఖాతా అనుసంధానమైందో అందులో పడుతుంది. ఎప్పుడో తెరిచి వాడకుండా వదిలేసిన ఖాతా అయితే చెల్లింపు తిరిగి వెళ్లిపోతుంది. ఈ వారమే బ్యాంకుకు వెళ్లి ఏ ఖాతా ఉందో అడిగి తెలుసుకోండి.