పెదనాన్న అడిగిన వీడియో: లూసియానా చెమ్మలో నా కేజన్ అకార్డియన్

అమెరికాలోని లూసియానా నుంచి అందరికీ నమస్కారం. ఈ వీడియో మా పెదనాన్న కోసం. అమలాపురం చుట్టుపక్కల పద్యనాటకాలకు ఏళ్ల తరబడి హార్మోనియం వాయించిన మనిషి ఆయన. మొన్న ఫోనులో నా అకార్డియన్ (ఇక్కడి ఫ్రెంచి మూలాల కేజన్ జనం వాయించే తిత్తి వాయిద్యం) చూసి, "అమ్మాయీ, అంత డబ్బు పోసి కొన్నావు సరే, దాన్ని ఎలా చూసుకుంటున్నావు? మీదీ చెమ్మ ఊరే కదా" అన్నారు. మిగతా అందరూ ధర అడిగారు. బాగోగులు అడిగింది ఆయన ఒక్కరే.

ముందు ధర చెప్పేస్తాను, లేకపోతే పిన్ని చివరిదాకా ఆగదు. 2,200 డాలర్లు. డాలరు 85 రూపాయల లెక్కన 1,87,000 రూపాయలు. ఇది ఫ్యాక్టరీ సరుకు కాదు. మేం ఉండే లఫాయెట్‌కు దగ్గర్లోనే ఒక పెద్దాయన ఇంటి వెనక షెడ్డులో చెక్క కోసి, తిత్తి అమర్చి, గాలికి కంపించి స్వరం పలికే సన్నటి రేకు, అంటే ఒక్కొక్క రీడునూ తన చెవితో సరిచూసుకుని చేసిన వాయిద్యం. చేసిన మనిషి ఇంటి తలుపు తట్టి సందేహం అడగగలిగే వాయిద్యం నా దగ్గర ఉందంటే, ఆ గర్వం నాకు బాగానే ఉంది.

దగ్గరగా చూడండి. కుడిచేతికి పది బటన్లే, ఒకే వరుస. ఎడమచేతికి రెండు, బొటనవేలి దగ్గర గాలి వదిలే మీట ఒకటి. ఏ బటనైనా తిత్తి తెరిచేటప్పుడు ఒక స్వరం, మూసేటప్పుడు ఇంకో స్వరం పలుకుతుంది. పైన కనిపిస్తున్న నాలుగు గుబ్బలూ నాలుగు రీడ్ల వరుసలను తెరిచి మూసేవి. పది బటన్లు, రెండేసి స్వరాలు, నాలుగు వరుసలు, అంటే కుడివైపే 80 రీడ్లు. అన్నీ ఉక్కువి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, పెదనాన్నా. మీ హార్మోనియం రీడ్లు ఇత్తడివి. కోనసీమ గాలికి నల్లబడితే నల్లబడతాయి గానీ తుప్పు పట్టవు. వీటికి పడుతుంది. ఇంత సన్నటి రేకు మీద ఒక్క తుప్పు చుక్క చాలు, శ్రుతి జారిపోవడానికి.

ఇక్కడ తెల్లవారుజామున గాలిలో తేమ 90 శాతం ఉండడం మామూలే. అందుకే ఈ గదిలో తేమను కొలిచే చిన్న మీటరు పెట్టాను, 12 డాలర్లు, మన డబ్బులో 1,020 రూపాయలు. ఇప్పుడు 51 చూపిస్తోంది. 45కూ 55కూ మధ్య ఉంటే నాకు నిశ్చింత. దాటితే ఈ మూల ఉన్న తేమ లాగే యంత్రం నడుస్తుంది. దీనికి 220 డాలర్లు, 18,700 రూపాయలు. గాలిలోంచి పిండిన నీళ్లు రోజూ ఇంత పారబోస్తున్నాను, చూడండి. అలాగని మరీ పొడిబారనివ్వకూడదు. పెద్ద రీడ్ల వెనక గాలిని ఆపే సన్నటి తోలు ముక్కలుంటాయి, అవి ముడుచుకుపోతే స్వరం నీరసంగా, ఆలస్యంగా పలుకుతుంది. చెక్కకూ బీటలు వస్తాయి.

అందుకే దీన్ని ఇంటి మధ్యగోడకు ఆనించిన అరలో పెడతాను. అటక మీద, గ్యారేజీలో పెట్టను, ఏసీ గాలి సూటిగా తగిలే చోట అసలు పెట్టను. వాయించగానే పెట్టెలో వేసి మూసేయను. చేతి చెమట తుడిచి, కాసేపు ఆరనిచ్చి, గాలి మీట నొక్కిపట్టి తిత్తిని మెల్లగా మూసి, రెండు పట్టీలూ బిగిస్తాను. మీట నొక్కకుండా బలవంతాన తోస్తే మడతల మూలలు దెబ్బతింటాయి. బటన్ల నుంచి వెళ్లే మీటలు, వాటి చివర రంధ్రాలను మూసే బిళ్లలు, అన్నీ ఈ వాయిద్యంలో బయటికే ఉంటాయి. అందుకని దుమ్మును మెత్తటి రంగుల కుంచెతో దులుపుతాను. తడిగుడ్డ తగలనివ్వను. నూనె స్ప్రేల జోలికి వెళ్లను. ఒక్క వెంట్రుక రీడు సందులో పడినా ఆ స్వరం మూగబోతుంది.

ఈ శనివారం దీన్ని తీసుకుని యూనిస్ అనే ఊరికి బయలుదేరాను. మార్క్ సవాయ్ అనే అకార్డియన్ తయారీదారు 1966లో అక్కడ తెరిచిన దుకాణంలో శనివారం పొద్దున ఊరివాళ్లంతా చేరి వాయిస్తారు. కారులో దీని చోటు నా పక్క సీటే. ఇక్కడి ఎండాకాలంలో మూసి ఉంచిన కారులో వేడి 50 డిగ్రీలు సులువుగా దాటుతుంది. రీడ్లను చెక్కదిమ్మకు పట్టి ఉంచేది తేనె మైనం. అది 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. అందుకని కాఫీకి దిగినా దీన్ని భుజాన వేసుకునే దిగుతాను.

దారిలో క్రౌలీ అనే ఊరు దాటగానే దారికి రెండు వైపులా నీళ్లు నిండిన మడులు. చూడగానే కారు ఆపేశాను. ఆగస్టుకల్లా వరి కోసి, చలికాలం ముందు అదే మడికి మళ్లీ నీళ్లు పెట్టి, ఏప్రిల్ దాకా క్రాఫిష్ పడతారు. ఇది రొయ్యకు దూరపు చుట్టం. చక్రంతో నడిచే పడవ ఒకటి మడిలో వరసగా పోతుంటే, అందులో మనిషి వలబుట్టలు ఎత్తి దులిపి మళ్లీ నాటుతున్నాడు. మన దగ్గర వరి తీసేసి రొయ్యల చెరువులు తవ్వుకున్నాం. ఇక్కడ వరి, క్రాఫిష్ ఒకే మడిలో వంతులు వేసుకుంటున్నాయి. నాన్న చూస్తే గట్టు మీదే కూర్చునేవారు. నేనూ చాలాసేపు నిలబడిపోయాను, యూనిస్ చేరేసరికి సగం పాటలు అయిపోయాయి.

అయినా నా వంతు వచ్చింది. చుట్టూ ఫిడేళ్లు, గిటార్లు, ఒక ఇనుప ట్రయాంగిల్. పెద్దవాళ్లు ఇప్పటికీ ఫ్రెంచిలో మాట్లాడుకుంటారు. వీళ్ల పూర్వీకులను 1755లో మొదలుపెట్టి కెనడా వైపు నుంచి ఇంగ్లిషువాళ్లు వెళ్లగొడితే, చాలామంది చివరికి ఇక్కడికి చేరారు. అకార్డియన్ మాత్రం జర్మనీ నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ దిగుమతి ఆగిపోయింది. తర్వాత ఇక్కడి లేక్ చార్లెస్ ఊళ్లో సిడ్నీ బ్రౌన్ వంటివారు స్వయంగా చేయడం మొదలుపెట్టారు. ఆ పని వీళ్లు వదల్లేదు కాబట్టే నా ఒళ్లో ఇది ఉంది.

శ్రుతి మాట పెదనాన్నకు నచ్చుతుంది. కేజన్ అకార్డియన్‌లో గాంధారాన్ని, ఎలక్ట్రానిక్ ట్యూనర్ సరి అని చూపించే చోటు కంటే కొంచెం కిందికి దించి పెడతారు. అప్పుడే షడ్జమంతో కలిసి పలికినప్పుడు అది కొట్టుకోకుండా నిలుస్తుంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియంను దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఈ స్వరస్థానాల గొడవ కూడా ఉంది కదా. ఇక్కడివాళ్లు చెవికి నచ్చిన గాంధారాన్ని రీడులోనే గీకి పెట్టుకున్నారు. అందుకే దీన్ని కనిపించిన ప్రతి రిపేరు కొట్టుకూ ఇవ్వకూడదు. ట్యూనర్ చూసి "సరిచేస్తే" ఆ అందమంతా పోతుంది. చేసినాయన పూర్తి శ్రుతికి 350 డాలర్లు చెప్పారు, 29,750 రూపాయలు. ఎక్కువే, అయినా ఆయన దగ్గరే చేయిస్తాను.

అన్నిటికంటే మంచి సంరక్షణ రోజూ వాయించడమే. గాలి ఆడితే రీడ్లు కదులుతాయి, తోలు మెత్తగా ఉంటుంది. మావారు రెండు వారాలు సముద్రంలో చమురు తోడే రిగ్గు మీద, రెండు వారాలు ఇంట్లో. ఆయన లేని రోజుల్లో సాయంత్రం దీపం పెట్టాక గంటసేపు వాయిస్తాను. ఆ గంట లేకపోతే ఇల్లు చాలా పెద్దదిగా అనిపిస్తుంది. రీడ్లకు ఎంత అవసరమో నాకూ అంతే అవసరం.

ఇక మిగిలిన భయం ఒకటే. జూన్ 1 నుంచి తుపానుల కాలం. 2020 ఆగస్టులో లారా తుపాను వచ్చినప్పుడు లేక్ చార్లెస్‌లో వారాల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే ఏసీ లేదు, తేమ లాగే యంత్రమూ లేదు. అందుకని రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా సంచులు కొని పెట్టాను. ఊరు వదలాల్సి వస్తే పాస్‌పోర్టుల తర్వాత కారెక్కేది ఇదే.

పెదనాన్నా, 1996 నవంబరు తుపానుకు మన ఇంటి పైకప్పు పోయినా మీ హార్మోనియం బతికింది. దాన్ని దేనిలో చుట్టారు, ఎక్కడ పెట్టారు, తడిసిన తిత్తిని ఎలా ఆరబెట్టారు? నాకు వివరంగా కావాలి. ఆదివారం ఫోను చేస్తాను, పెద్దమ్మను కూడా పక్కన కూర్చోమనండి. మీరు మరిచిపోయినవి ఆవిడకు గుర్తుంటాయి.