మా వాడు లెక్కలోకి వచ్చాడా?

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ, ఇంతకుముందు మాట్లాడిన నలుగురూ చదివేశారు. మళ్ళీ నేనూ చదివితే నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో మూడు అక్కడే అయిపోతాయి, కాబట్టి వదిలేస్తున్నాను. నేను డాక్టర్ని కాను. పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సుగా చేరి, తర్వాత చాలా ఏళ్ళు ట్రయల్స్, అంటే మందుల్ని రోగుల మీద పరీక్షించే అధ్యయనాల, కాగితాలు చూసుకున్నాను. ఎవరికి ఏ మందు ఎంత డోసు ఇచ్చారు, ఎన్ని వాంతులయ్యాయి, ప్లేట్‌లెట్లు ఎంతకి పడ్డాయి, ఇవన్నీ రాసి పెట్టడమే నా పని. మెదడు ట్యూమర్ తిరగబెట్టిన పిల్లల మీద కీమో మందుల్ని కలిపి పరీక్షించడం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ నిజం చెప్పాలంటే, నేను ఒప్పుకుంది ఒక డైరీ గురించి చెప్పడానికి.

అసలు మందులు కలపడం ఎందుకో ముందు చెప్తాను. సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి అమినోప్టెరిన్ అనే ఒకే ఒక్క మందు ఇచ్చి చూసి, 1948లో ఫలితం అచ్చు వేశాడు. 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గింది, కానీ కొద్దికాలానికే మళ్ళీ వచ్చింది. ఒక్క మందుతో వచ్చిన చిక్కే అది. లొంగే కణాలు లొంగుతాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. అందుకే 1960ల మొదట్లో ఫ్రై, ఫ్రైరైక్ అనే డాక్టర్లు నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. పసిపిల్లలకి ఇన్ని విషాలా అని అప్పట్లో తోటి డాక్టర్లే తిట్టారు.

మెదడు దగ్గరికొచ్చేసరికి కథ ఇంకా కష్టం. రక్తంలో ఏది తిరిగితే అది మెదడులోకి పోకుండా అక్కడి సన్న రక్తనాళాలే అడ్డుకుంటాయి. మామూలుగా మంచిదే, కీమో మందు లోపలికి పోవాలన్నప్పుడు మాత్రం అదే ఇబ్బంది. టెమోజోలమైడ్ అనే కీమో మందు ఆ అడ్డు దాటుతుంది, నోటితో మింగే క్యాప్సూల్ కూడా. దానికి ఇరినోటికాన్ అనే ఇంకో కీమో మందు కలిపి ఇస్తారు. ఒకటి కణం డీఎన్ఏని పాడుచేస్తుంది, ఇంకొకటి అది మళ్ళీ సర్దుకోకుండా అడ్డుపడుతుంది. వరస కూడా ముఖ్యమే. టెమోజోలమైడ్ మింగించాక కనీసం గంట ఆగి ఇరినోటికాన్ ఎక్కించాలి. ఆ గంట మంచం పక్కన వాచీ చూసుకుంటూ నిలబడేది మేమే లెండి.

జబ్బు తిరగబెట్టిన పిల్లలంటే ఎవరు? అప్పటికే ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది, సిస్‌ప్లాటిన్, లోమస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే కీమో మందులన్నీ అయ్యాయి. విన్‌క్రిస్టిన్ వచ్చింది బిళ్ళ గన్నేరు మొక్క నుంచి, ఈ సంగతి చెప్తే పిల్లలకి భలే సరదా. కానీ అదే మందు వల్ల కాళ్ళ నరాలు దెబ్బతిని, పాదం పైకి లేవక ఈడుస్తూ నడిచేవాళ్ళు. రక్త కణాలు తయారయ్యే ఎముక మజ్జ అలిసిపోయి ఉంటుంది. అలాంటి పిల్లవాడికి రెండు మందులు కలిపి ఇవ్వాలంటే ఎంత ఇవ్వాలి? రెండూ రక్త కణాల్ని తగ్గించేవే కాబట్టి, విడిగా ఇచ్చే డోసులు యథాతథంగా కలిపేస్తే కుదరదు. అది తేల్చడానికే మొదటి దశ ట్రయల్.

అది ఎలా జరుగుతుందో తల్లిదండ్రులకి సూటిగా చెప్పేవాళ్ళు తక్కువ, నేను చెప్తాను. ముగ్గురు పిల్లలకి ఒక డోసు ఇస్తారు. ఒక సైకిల్, అంటే మూడు నాలుగు వారాలు, చూస్తారు. ఎవరికీ పెద్ద ప్రమాదం రాకపోతే తర్వాతి ముగ్గురికి ఇంకొంచెం ఎక్కువ. ఒకరికి వస్తే అదే డోసులో ఇంకో ముగ్గురు. ఇద్దరికి వస్తే ఆ డోసు ఎక్కువైందని వెనక్కి వస్తారు. ఇక్కడ తేల్చేది మందు ఎంత తట్టుకోగలరన్నది. ట్యూమర్ తగ్గితే అదృష్టం, కానీ ఆ ట్రయల్ అడిగే ప్రశ్న అది కాదు. కన్సెంట్ ఫారంలో ఈ మాట ఉంటుంది, ఎక్కడో లోపలి పేజీలో. సంతకం పెట్టే అమ్మానాన్నలు చదివేది మాత్రం ఒకే మాట, కొత్త మందు.

ఇక డైరీ. మందు ఇంటికిచ్చి పంపేటప్పుడు ఒక కాగితం డైరీ ఇస్తాం. తేదీ, ఎన్ని క్యాప్సూల్స్, ఏ టైముకి, ఎన్ని వాంతులు, ఎన్ని విరేచనాలు. ఇరినోటికాన్‌కి విరేచనాలు పెద్ద సమస్య కాబట్టి ఆ గడి తప్పనిసరి. ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడు దాన్ని తనే నింపుతానని పట్టుబట్టాడు. వాంతుల గడిలో అంకె వేయలేదు, కప్పలు వేశాడు. ఒక వాంతికి ఒక కప్ప. మూడో రోజు గడిలో మూడు కప్పలు, ఒకదానికి నాలుక బయటికి. పక్కనే చిన్న అక్షరాలతో "ఇది మంచి కప్ప కాదు" అని రాశాడు. నేను కంప్యూటర్లో 3 అని కొట్టాను. నా పని అంతే కదా.

పన్నెండో రోజున వాడికి మూర్ఛ వచ్చింది. స్కాన్ తీస్తే ట్యూమర్ పెరిగింది. ట్రయల్ నుంచి తీసేశారు. ఇంటికి తీసుకెళ్ళారు, నెల తిరక్కముందే పోయాడు.

రెండు వారాల తర్వాత వాళ్ళమ్మ వచ్చింది. చేతిలో డైరీ, ఒక సీసా. వాంతి అయితే మళ్ళీ వేయమని ఇచ్చిన రెండు క్యాప్సూల్స్ వాడకుండా మిగిలాయి. మిగిలినవి వెనక్కి ఇవ్వాలని మొదటి రోజు మేం చెప్పిన మాట ఆమెకి గుర్తుంది. సీసా మూత తీసి నాకు లెక్క చూపించింది. తర్వాత అడిగింది, "మా వాడు లెక్కలోకి వచ్చాడా సిస్టర్?"

వచ్చాడమ్మా అన్నాను.

అబద్ధం. సగం అబద్ధం అనుకోండి. మొదటి సైకిల్ పూర్తికాకుండా, మందు వల్ల కాక జబ్బు పెరగడం వల్ల ట్రయల్ ఆగిపోతే, డోసు తేల్చే లెక్కలో ఆ పిల్లవాడిని పక్కన పెడతారు, వాడి చోటులో ఇంకొకరిని తీసుకుంటారు. రూలు తప్పని నేను అనను. పన్నెండు రోజులతో మందు సంగతి తేలదు. నా బాధ అది కాదు. ఆ ట్రయల్ ఫలితం అచ్చయ్యేసరికి నాలుగేళ్ళు పట్టింది. పట్టిక కింద సన్న అక్షరాల్లో, ఇద్దరు మదింపుకి అందలేదు, అంటే లెక్కలోకి రాలేదు, అని ఉంది. ఆ ఇద్దరిలో ఒకడు ఈ కప్పల పిల్లవాడు. వాళ్ళమ్మకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఫోన్ చేస్తే నంబరు మారిపోయింది, వెతకొచ్చు, వెతకలేదు.

ట్రయల్స్ వద్దని చెప్పడానికి రాలేదు, దయచేసి అలా రాసుకోకండి. తిరగబెట్టిన మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు ట్యూమర్ మీద అమెరికాలో చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ అనే పిల్లల క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒక ట్రయల్ చేసింది. 105 మంది పేషంట్లు. సగం మందికి ఇరినోటికాన్, టెమోజోలమైడ్, మిగతావాళ్ళకి వాటికి తోడు బెవాసిజుమాబ్ అనే మూడో మందు. మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది బతికి ఉన్న కాలం, మొదటి గుంపులో 13 నెలలు, రెండో గుంపులో 19. ఆరు నెలలు తక్కువా ఎక్కువా అని నన్నడక్కండి, అడగాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు. నేననేది ఏంటంటే, ఆ 19 అనే అంకె రావడానికి 13 నెలల వైపు పిల్లలు కూడా కావాలి, వాళ్ళు లేకపోతే దేనితో పోలుస్తారు?

ఇక్కడ కూర్చున్న కుర్ర డాక్టర్లూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ప్రోటోకాల్, అంటే ట్రయల్ ఎలా చేయాలో, రాస్తారు, బడ్జెట్లో స్కాన్లకి డబ్బు రాస్తారు, రక్త పరీక్షలకి, కొరియర్‌కి, చివరికి ఈ మీటింగులో టీకి కూడా రాస్తారు. ఫలితం వచ్చాక ప్రతి ఇంటికీ ఒక పేజీ ఉత్తరం పంపడానికి ఒక్క లైను రాయండి. మామూలు మాటల్లో. ఏం అడిగాం, ఏం తేలింది, మీ పిల్లవాడి వివరాలు ఎక్కడ వాడాం, ఎక్కడ వాడలేకపోయాం, ఎందుకు. కొంతమంది వద్దంటారు, అది కూడా కన్సెంట్ రోజునే అడిగి గడిలో టిక్ పెట్టించుకోండి. పిల్లవాడు పోయిన ఇంటికి ఉత్తరమా, పుండు మళ్ళీ కెలికినట్టు కాదా అని ఇందాక టీ దగ్గర ఒకాయన అన్నారు. అయ్యా, ఆమె క్యాప్సూల్స్ లెక్కపెట్టుకుని తెచ్చింది. పుండు మానిందని మీకెవరు చెప్పారు?

బెల్ కొట్టారు, విన్నాను. ప్రశ్నలకి అయిదు నిమిషాలు ఉన్నాయంటున్నారు. వెనక వరసలో కొందరు అమ్మానాన్నలు కూర్చున్నారు, మైకు ముందు అక్కడికి ఇవ్వండి.