తరగతి గది నుంచి కోచ్ పనిలోకి: చదవడం నేర్పే టీచర్లకు తోడుగా వెళ్లేవాళ్ల కోసం

[తెర మీద: ప్రాథమిక పాఠశాల వరండా. ఒక పాప పుస్తకంలో వేలు పెట్టి చదువుతోంది. పక్కన టీచర్, ఆమె పక్కన ఇంకో టీచర్ కింద చాప మీద కూర్చున్నారు.]

నమస్తే. ఏళ్ల తరబడి ఒకటో తరగతికో మూడో తరగతికో పాఠాలు చెప్పి, ఇప్పుడు మండలంలోని మిగతా బడులకు వెళ్లి అక్కడి టీచర్లకు తోడుగా ఉండమని పిలుపు వచ్చినవాళ్ల కోసం ఈ వీడియో. పేరు ఏదైనా కావచ్చు. రిసోర్స్ పర్సన్ అనొచ్చు, నోడల్ అనొచ్చు, మెంటర్ అనొచ్చు, ఏదైనా సంస్థలో అయితే కోచ్ అంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట, వనపర్తి, గద్వాల బడులను మనసులో పెట్టుకొని చెప్తున్నాను.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. కోచ్ వెళ్లేది టీచర్‌ని చూడటానికి కాదు. టీచర్ పక్కన కూర్చొని, ఇద్దరూ కలిసి పిల్లలు చదివే తీరు చూడటానికి. ఈ ఒక్కటి పట్టు దొరికితే మిగతా పని దారిలో పడుతుంది. ఇది దొరక్కపోతే ఎన్ని ట్రైనింగులు తీసుకున్నా లాభం ఉండదు.

మన దగ్గర ఇది ఎందుకు కష్టమో మీకు తెలుసు. బడి గేటు ముందు బైక్ ఆగి, చేతిలో ఫైలుతో ఎవరైనా దిగితే తనిఖీ అనే అనుకుంటారు. హాజరు రిజిస్టర్, మధ్యాహ్న భోజనం లెక్క, డైరీ, ఫొటో, సంతకం. ఇన్నేళ్లూ వచ్చినవాళ్లు అడిగినవి అవే. మీరు ఏమీ అడగకపోయినా ఆ టీచర్ చేయి అలవాటుగా రిజిస్టర్ మీదికి పోతుంది. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడు ఫైలు బ్యాగులోనే ఉంచండి. పిల్లల దగ్గరకు వెళ్లి కింద కూర్చోండి.

[తెర మీద: 2020, 2021, 2022 అంకెలు ఒక్కొక్కటిగా]

నేపథ్యం కొంచెం చెప్పాలి. 2020 జాతీయ విద్యా విధానం, చిన్న పిల్లలకు చదవడం, లెక్కలు రావడమే అన్నిటికంటే ముందు అని చెప్పింది. 2021 జూలై 5న కేంద్రం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలన్నది లక్ష్యం. మన తెలంగాణలో 2022లో ఒకటి నుంచి ఐదు తరగతులకు తొలిమెట్టు అనే కార్యక్రమం వచ్చింది. కోచ్ పనికి ఇప్పుడు గిరాకీ పెరగడానికి కారణం ఇదే. పుస్తకాలు, వర్క్‌షీట్లు బడికి చేరినంత మాత్రాన పిల్లలకు చదువు రాదు. వాటిని వాడే టీచర్ పక్కన ఒకరు ఉండాలి.

ఉంటే నిజంగా తేడా వస్తుందా? దక్షిణాఫ్రికాలోని నార్త్ వెస్ట్ ప్రావిన్సులో 2015లో ఒక పెద్ద పరిశీలన మొదలైంది. అక్కడి పిల్లలు ముందు తమ ఇంటి భాష సెట్స్వానాలోనే చదవడం నేర్చుకుంటారు. కొన్ని బడుల టీచర్లకు పాఠ్య ప్రణాళికలు, చదివే పుస్తకాలు ఇచ్చి, ఒకచోటికి పిలిచి ట్రైనింగ్ ఇచ్చారు. ఇంకొన్ని బడులకు అవే ప్రణాళికలు, అవే పుస్తకాలు ఇచ్చి, కోచ్‌ను తరగతి గదిలోకి పంపారు. కోచ్ వెళ్లిన బడుల్లో పిల్లల చదువులో వచ్చిన మెరుగు, ట్రైనింగ్ బడులతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంది. సామగ్రి ఒక్కటే అయినా అంత తేడా వచ్చింది.

2018లో అమెరికా పరిశోధకులు 60 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా కోచింగ్ వల్ల పాఠం చెప్పే తీరు బాగా మారుతుందని, పిల్లల ఫలితాలు కొంతమేర పెరుగుతాయని తేలింది. అయితే కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ ఆ ఫలితం పలచబడిందని కూడా వాళ్లు చెప్పారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఈ పనికి ఒప్పుకునే ముందు మీరు అడగాల్సిన ప్రశ్నలు దీని నుంచే వస్తాయి.

[తెర మీద: నల్ల బోర్డు మీద పెద్దగా క గుణింతం]

ఇప్పుడు పని లోపలికి వెళ్దాం. మంచి టీచర్‌కు పాఠం చెప్పడం చేతిలో పని. ఎందుకు అలా చెప్తున్నామో మాటల్లో పెట్టే అవసరం ఎప్పుడూ రాదు. కోచ్‌కు ఆ అవసరం రోజూ వస్తుంది. పిల్ల ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, రేపు పొద్దున ఏం చేయాలి. ఈ మూడింటికీ మీ దగ్గర జవాబు ఉండాలి.

మన బడుల్లో చాలాసార్లు కనిపించేది చెప్తాను. మూడో తరగతి పిల్లవాడు క గుణింతం రాగం తీసి గడగడా చెప్పేస్తాడు. బోర్డు మీద 'కొ' ఒక్కటే రాసి అడగండి. పెదవులు కదుపుతూ క, కా, కి, కీ అని మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి 'కొ' దగ్గర ఆగుతాడు. అంటే వాడికి వరస వచ్చింది కానీ గుర్తు రాలేదు. అలా లెక్కపెట్టుకుంటూ 'కొడుకు' చదివేసరికి మొదటి అక్షరం మర్చిపోతాడు. టీచర్ వైపు నుంచి చూస్తే గుణింతాలన్నీ అయిపోయాయి, పిల్లవాడికి మాత్రం ధ్యాస లేదు. పిల్లవాడి పక్కన కూర్చొని చూస్తే కారణం వేరే.

దీనికి మందు మళ్లీ గుణింతం అప్పజెప్పించడం కాదు. వరస చెడగొట్టి చూపించాలి. కి, మి, తి, పి అని గుడిని వేర్వేరు అక్షరాల మీద పెట్టి, వెంటనే పిల్లలకు తెలిసిన మాటల్లో చూపించాలి. కిటికీ, గిన్నె, పిల్లి. రోజుకు పది నిమిషాలు చాలు.

ఒత్తుల సంగతి ఇంకా ముఖ్యం. చాలా ఒత్తులు అసలు అక్షరానికి తలకట్టు తీసేసినట్టే ఉంటాయి కాబట్టి పిల్లలు పట్టేస్తారు. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. పిల్లలు ఇంట్లో రోజూ పలికే మాటల్లో ఎక్కువగా వచ్చేవి కూడా ఇవే. అమ్మ, అన్న, అత్త, అయ్య, తల్లి, ఎర్ర, పుల్ల. నోట్లో ఉన్న మాట, కంటికి తెలియని గుర్తు. కాబట్టి ఒత్తులు ఈ మాటలతోనే మొదలుపెట్టమని నేను ప్రతి బడిలోనూ చెప్తాను. బోర్డు మీద ఇంట్లోవాళ్ల పిలుపులు రాస్తే పిల్లలు ఊహించి అయినా పలుకుతారు. పలికాక గుర్తు వైపు చూపించొచ్చు.

[తెర మీద: ఒక వాక్యం. 'రాజు బడికి వెళ్ళాడు.']

ఈ వాక్యం ఇచ్చి చదవమంటే ఒక పిల్ల 'రాజు బడికి పోయిండు' అంటుంది. ఇంకో పిల్ల 'రాజు బడికి వె... ళ... డు' అంటుంది. రెండూ తప్పులే అని గీత గీసేస్తే పని అయిపోదు. మొదటి పిల్లకు అర్థం పూర్తిగా తెలిసింది, తన ఊరి మాటలోకి మార్చేసుకుంది. కానీ అక్షరాల మీద కన్ను లేదు. రెండో పిల్ల కన్ను అక్షరాల మీదే ఉంది, ఒత్తు దగ్గర చిక్కుకుంది, అర్థం దాకా రాలేదు. ఇద్దరికీ రేపటి పాఠం వేర్వేరు. మొదటి పిల్లను 'నువ్వు తప్పు మాట్లాడుతున్నావు' అని మాత్రం అనకూడదు. పోయిండు అనేది వాళ్ల అమ్మ మాట. 'సరిగ్గా చెప్పావు, ఇప్పుడు పుస్తకంలో ఎట్లా రాసిండ్రో చూద్దాం' అంటే చాలు.

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో ఒకటో తరగతికి వచ్చే పిల్లలు ఇంట్లో అమ్మను యాడి అంటారు. మక్తల్, నారాయణపేట వైపు కన్నడ మాట్లాడే ఇళ్లున్నాయి. ఆ పిల్లలకు తెలుగు అక్షరం, తెలుగు మాట రెండూ ఒకేసారి కొత్త. వాళ్ల దగ్గర అక్షరాల కంటే ముందు మాటలు కావాలి. బొమ్మ చూపించి మాట్లాడించడం, కథ చెప్పడం, తండా నుంచి వచ్చిన పెద్ద పిల్లలను తోడు కూర్చోబెట్టడం. 'ఈ పిల్లలకు ఏం రాదు మేడం' అనే మాట మీకు వినిపిస్తుంది. వాదించకండి. ఆ పిల్లలతో బొమ్మ గురించి వాళ్ల భాషలో మాట్లాడించి చూపించండి. ఎంత చెప్పగలరో టీచర్ చెవులతో వింటుంది.

పిల్లల స్థాయి తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. పల్లెల్లో పిల్లలకు చదువు ఎంత వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే ప్రథమ్ సంస్థ అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న పద్ధతి ఉంది. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ. ఒక్కో పిల్లకు కొన్ని నిమిషాలు చాలు. వేగం లెక్క విషయంలో మాత్రం జాగ్రత్త. నిపుణ్ భారత్ మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అంటుంది. మన భాషలో 'వెళ్ళిపోయిందంటున్నారు' కూడా ఒక పదమే. 2022లో పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనంలో 20 భాషలకు విడివిడిగా ప్రమాణాలు పెట్టారు, పెట్టడమే సరైనది. కాబట్టి స్టాప్‌వాచ్ తీసి టీచర్ ముందు పెట్టకండి. చదివాక 'ఏమైంది కథలో?' అని పిల్లను అడగండి.

[తెర మీద: ఒకే గదిలో రెండు గుంపులుగా పిల్లలు]

ఇంకో సంగతి. మన ప్రాథమిక బడుల్లో ఒక్క టీచరో ఇద్దరు టీచర్లో ఐదు తరగతులు నడిపేవి ఎన్నో. అక్కడికి వెళ్లి 'ఆరుగురు పిల్లలను విడిగా కూర్చోబెట్టి చదివించండి' అంటే, టీచర్ మనసులో వచ్చే ప్రశ్న ఒకటే. అప్పుడు మిగతా వాళ్లు ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా సలహా ఇవ్వకండి. జతగా కూర్చొని ఒకరికొకరు చదువుకోవడం, లైబ్రరీ పుస్తకం నుంచి తెలిసిన మాటలు ఏరి రాయడం, పెద్ద తరగతి పిల్ల చిన్నవాళ్లకు కథ చదివి వినిపించడం. మీరే ఒకరోజు మొత్తం గదిని నడిపి చూపించండి. టీచర్ అప్పుడు నమ్ముతుంది.

పత్తి ఏరే రోజుల్లో హాజరు పడిపోతుంది. పాలమూరు నుంచి పనుల కోసం ముంబై, పుణె, హైదరాబాద్ పోయే కుటుంబాల పిల్లలు నెలల తర్వాత తిరిగి వస్తారు. వచ్చిన పిల్ల తరగతి పుస్తకంలో నడుస్తున్న పాఠం దగ్గర కూర్చుంటే చదువు అక్కడితో ఆగిపోతుంది. తన స్థాయి గుంపులో కూర్చుంటే అందుకుంటుంది. ఆ గుంపులు ముందే ఉన్న బడిలోనే ఇది సాధ్యం.

ఇక మాట తీరు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న సార్ తరగతికి మీరు వెళ్తున్నారనుకోండి. ప్రార్థనకు ముందే చేరి, మొదట ఇలా అడగొచ్చు.

'సార్, మీ మూడో తరగతిలో మీకు టెన్షన్ పెడుతున్న పిల్లలు ఎవరు?'

'నలుగురున్నరు మేడం. ఎంత చెప్పినా అదే.'

'ఆ నలుగురితో నేను కాసేపు చదివించనా? మీరు కూడా పక్కన కూర్చుంటే ఇద్దరం కలిసి చూద్దాం.'

సార్‌ను పరీక్షిస్తున్నట్టు లేదు. బాధ ఆయన చెప్పిందే, పిల్లలు ఆయన చూపించినవాళ్లే. చదివించాక 'మీరు గుణింతం సరిగా చెప్పలేదు' అనే మాట నోటి దాకా వస్తుంది, ఆపుకోండి. 'యాదయ్య 'కొ' దగ్గర వరస లెక్కపెట్టుకుంటున్నాడు సార్, మీరు గమనించారా?' అని అడగండి. ఆయన గమనించి ఉండొచ్చు కూడా. అప్పుడు ఆయనే కారణం చెప్తారు. మీకంటే ఆ పిల్లలు ఆయనకు ఎక్కువ తెలుసు.

బయల్దేరే ముందు చేయాల్సిన పని ఒక్కటే ఇద్దరూ కలిసి అనుకోండి. ఐదు సలహాలు రాసిచ్చి వెళ్తే ఒక్కటీ జరగదు. 'వచ్చేసారి నేను వచ్చేదాకా రోజూ పది నిమిషాలు గుడి మాటలు' అంటే జరుగుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు అదే నలుగురు పిల్లలతో చదివించండి. మార్పు వాళ్ల నోట్లోనే వినిపిస్తుంది. సార్ ముఖంలో వచ్చే సంతోషం ముందు ఏ రిపోర్టూ నిలవదు.

రిపోర్టు సంగతి మొదటిరోజే తేల్చుకోవాలి. పైవాళ్లకు ఏం పంపుతారో టీచర్‌కు ముందే చెప్పండి. ఎన్ని గుంపులు, ఎంతమంది ఏ స్థాయిలో ఉన్నారు, ఏ పుస్తకాలు కావాలి. తరగతిలో టీచర్ తడబడింది మీ నోట్‌బుక్కు దాటి బయటికి పోకూడదు. మండల మీటింగులో ఒక బడి పేరు చెప్పి పోల్చి మాట్లాడితే, ఆ సాయంత్రానికే వాట్సాప్‌లో అన్ని బడులకూ చేరుతుంది. ఆ తర్వాత ఏ తరగతి తలుపూ మీకు మనస్ఫూర్తిగా తెరుచుకోదు.

వాట్సాప్ వాడండి, కానీ బడికి వెళ్లడానికి బదులుగా కాదు. పిల్ల చదువుతున్న ఆడియో పంపించుకుంటే మధ్యలో ఒక మాట చెప్పుకోవడానికి బాగుంటుంది.

[తెర మీద: టీచర్ ఒక కాగితం మీద రాసుకుంటోంది]

చివరిగా, ఒప్పుకునే ముందు అడగాల్సినవి. నాకు ఎన్ని బడులు ఇస్తారు? ఒక బడికి నెలకు ఒక్కసారైనా సగం రోజు ఉండగలనా? పెద్ద సంఖ్య చెప్తే, కొన్ని బడులతో మొదలుపెట్టి తర్వాత మారుస్తానని అడగండి, సిగ్గుపడక్కర్లేదు. డేటా ఎంట్రీ, ఫొటోల అప్‌లోడ్, సర్వేలు నా మీద పడతాయా? పడితే వారంలో ఏ రోజులు తరగతి గదికే అని రాతలో పెట్టించుకోండి. నా సొంత బడిలో నా తరగతి ఎవరు చూస్తారు? దీనికి జవాబు రాకపోతే మీ పిల్లలే నష్టపోతారు. చందంపేట లాంటి మండలాల్లో బస్సులు తక్కువ, తండాలు దూరం, కాబట్టి ప్రయాణ ఖర్చు ఎవరిదో కూడా అడగండి.

ఇంకొకటి కూడా అడిగి తీసుకోండి. వారంలో కనీసం కొన్ని గంటలు మీరే పిల్లలకు చదవడం నేర్పే అవకాశం. ఏదో ఒక బడిలో, ఒకే గుంపుతో, ఏడాదంతా. ఒత్తులు ఇట్లా చెప్పండి అని పక్క బడి టీచర్‌తో అన్నప్పుడు, 'మా గుంపులో నిన్ననే చేశాను, ర ఒత్తు దగ్గర ఇట్లా ఆగారు' అని చెప్పగలగాలి.